సవతికి మతిమరుపు

అతను లిఫ్టు మెకానిక్. కానీ వీధిలో ఎవరికీ ఆ సంగతి గుర్తుండదు. అందరికీ అతను ‘అతుకులాయన’. అంగట్లో దొరికే వస్తువును అంగట్లోనే కొనడమంటే ఆయన లెక్కలో ఓడిపోవడమే. ఇంట్లో ఫ్యాను విరిగిన కుర్చీ కాళ్ల మీద నిలబడి తిరుగుతుంది. పాత మిక్సీ మోటారు ఇప్పుడు కత్తులకు సాన పడుతుంది. వీధి తలుపు గంట, పడగొట్టేసిన ఏదో భవనంలోని లిఫ్టుది. ఎవరైనా నొక్కితే అంతస్తు వచ్చినట్టు ‘టింగ్’మంటుంది. ఆయన అమ్మ లోపలి గదిలో మంచం మీదనుంచే “వచ్చేసింది, దిగండి” అంటుంది. ఆ మాట రోజూ అంటుంది, రోజూ తనే నవ్వుకుంటుంది.

ఆయన భార్యది మరో రకం పని. ఎవరో తీసిన వీడియోలను కత్తిరించి, అతికించి, చూడదగ్గట్టుగా తయారుచేస్తుంది. అంటే ఆమెదీ అతుకుల పనే, కాకపోతే ఆమె అతుకులు కనబడవు, ఆయనవి ఊరంతా కనబడతాయి. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, కంపెనీల ప్రకటనలు, బడి వార్షికోత్సవాలు, ఒక చిన్న స్టూడియోలో కూర్చుని ఏళ్ల తరబడి కత్తిరించింది. కెమెరా పట్టినవాడి పేరు పడేది, పాట పాడినవాడి పేరు పడేది, చివరికి భోజనాలు పెట్టినవాళ్ల పేరు కూడా పడేది. ఆమె పేరు మాత్రం ఎక్కడా పడలేదు. ఆ మాట ఆమె ఎప్పుడూ ఫిర్యాదుగా అనలేదు. ఒకసారి మాత్రం భోజనం చేస్తూ, “చచ్చేలోపు ఒక్క సినిమాకైనా చివర్న నా పేరు చూసుకోవాలండీ” అంది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, తల ఊపి, మళ్లీ తిన్నాడు. ఆయన తల ఊపాడంటే ఆ మాట ఎక్కడో బిగించేసుకున్నాడని అర్థం.

స్టూడియో ఊరికి అటు చివరకు మారిపోయినప్పుడు, అత్తగారి మోకాళ్లు కూడా అప్పుడే మొరాయించడంతో, ఆమె ఇంట్లోంచే పని చేసుకోవాలనుకుంది. ఆమె చెయ్యి అలవాటుపడిన సాఫ్ట్‌వేరు మ్యాక్ ఓఎస్ అనే కంప్యూటరు వ్యవస్థ మీద తప్ప నడవదు. ఆ మ్యాక్ ఓఎస్‌ను దాని కంపెనీ తన సొంత పెట్టెల కోసమే తయారుచేసుకుంది. ఉన్న దారి ఒకటే, ఆ పెట్టె కొనుక్కోవడం. అది అందరికీ తెలిసిన దారి కాబట్టి ఆయనకు నచ్చలేదు.

“కొనడమెందుకు? కట్టేద్దాం” అన్నాడు.

మూసేసిన ఆఫీసు సామాన్లలోంచి కంప్యూటరు బోర్డు తెచ్చాడు. పళ్ల డాక్టరు పారేసిన కంప్యూటరు డబ్బా తెచ్చాడు. ఎన్ని చేతులు మారిందో తెలియని గ్రాఫిక్స్ కార్డు ఒకటి తెచ్చాడు. ఇవన్నీ బిగించడం ఆయనకు ఎడమచేతి పని. అసలు పాట్లు ఆ తర్వాత మొదలయ్యాయి. పరాయి డబ్బాలో పడ్డ మ్యాక్ ఓఎస్‌కు ఇది నీ సొంత ఇల్లే అని నమ్మించాలి. అత్తారింట్లో అడుగుపెట్టిన కొత్తకోడలికి ఇదే నీ పుట్టిల్లని చెప్పడం లాంటిది అది. కోడలు నమ్మదు, ముఖం తిప్పుకుంటుంది. ఒకరోజు బొమ్మ వస్తే శబ్దం రాదు, శబ్దం వస్తే బొమ్మ రాదు. నిద్రపుచ్చితే లేవదు, లేచిందా మళ్లీ నిద్రపోదు.

“చిన్నప్పుడు నువ్వూ అంతేరా” అనేది వాళ్లమ్మ.

పనినుంచి రాగానే చొక్కా కూడా విప్పకుండా ఆయన దాని ముందు కూర్చునేవాడు. పక్కన పిడుగు పడ్డా తెలిసేది కాదు. పళ్లెం తెచ్చి పక్కన పెడితే చల్లారిపోయేది. “నా కోసం కంప్యూటర్ కడతానని నాకు సవతిని తెచ్చిపెట్టారు” అని భార్య అన్నప్పటినుంచి ఆ డబ్బాకు సవతి అన్న పేరు స్థిరపడిపోయింది. పాలవాడు కూడా “మీ సవతమ్మ లేచిందా అమ్మా?” అని అడిగేవాడు.

చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం సవతి దారికొచ్చింది. ఆరోజు ఆయన వేసిన కేకకు పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఆ మరుసటి రోజే పెద్ద అక్షరాలతో ఒక కాగితం రాసి గోడకు అంటించాడు: ‘నడుస్తున్నదాన్ని ముట్టుకోవద్దు’. అంటించి ఊరుకున్నాడా, వచ్చినవాళ్లందరికీ చదివి వినిపించి, అర్థం కూడా చెప్పేవాడు. దుమ్ము తుడవబోయిన తల్లిని ఒకసారి గుమ్మంలోనే ఆపేశాడు.

అలా నడుస్తుండగా, ఇళ్లలో తీసుకున్న చిన్న సినిమాలను ఒక శనివారం సాయంత్రం తమ హాల్లో తెరమీద వేస్తామని ఊరి గ్రంథాలయంవాళ్లు ప్రకటించారు. భార్య వెళ్లి పేరిచ్చి వచ్చింది. ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండానే చెప్పింది. తన సినిమా, తనే తీసింది, తనే కత్తిరించింది, చివర్న తన పేరు.

“దేనిమీద?” అన్నాడు ఆయన.

“చూసేటప్పుడు చూద్దురుగాని.”

“నాకు కూడా చెప్పవా?”

“మీకు అసలే చెప్పను.”

ఆయన గదిలోకి వస్తే ఆమె తెరమీది కిటికీ మూసేసేది. వాళ్లమ్మకు ఏదో తెలుసు, అడిగితే నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. చూడనని మాటిచ్చాడు కాబట్టి చూడలేదు. కడుపు మాత్రం ఉబ్బిపోయింది.

ఆ శనివారం పొద్దున్నకు సినిమా తయారైపోయింది. ముక్కలన్నిటినీ కలిపి ఒకే ఫైలుగా బయటికి తియ్యడం ఒక్కటే మిగిలింది. అన్నం ఉడికింది, వడ్డించడమే తరువాయి అన్నట్టు. ఆమె హాల్లో తెర ఎంతుందో, శబ్దం ఎలా వినబడుతుందో చూసొస్తానని గ్రంథాలయానికి వెళ్లింది. “వచ్చాక బయటికి తీస్తాను. దాని జోలికి వెళ్లకండి” అని చెప్పే వెళ్లింది.

ఆయన సవతిని చూశాడు. ముందు ఫ్యానుకు ఉన్నిలాగా దుమ్ము పట్టి ఉంది. ఇవాళ దీనికి ఇంత గొప్ప రోజు, ఈ మసి మొహంతో ఉంటే ఎలా అనిపించింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, గోడమీది కాగితం రాసిన చెయ్యే ప్లగ్గు పీకేసింది. బ్రష్‌తో మెల్లగా దులిపాడు. ఏ తీగ ఏ కన్నంలోంచి తీశాడో అదే కన్నంలో పెట్టాడు. ప్లగ్గు పెట్టి మీట నొక్కాడు.

తెరమీద తెల్లటి అక్షరాల వరుసలు జరజరా పాకాయి. సగంలో ఆగిపోయాయి. ఆపి మళ్లీ వేశాడు. అక్కడే ఆగాయి. ఇంకోసారి వేశాడు. అక్కడే.

లిఫ్టు ఆగిపోతే ఆయన మొదట వేసుకునే ప్రశ్న ఒకటే: చివరిసారిగా ఏం మారింది? ఇక్కడ మారిందల్లా దుమ్ము పోవడం. దుమ్ము పోతే పాడైన యంత్రాన్ని ఆయన ఎక్కడా చూడలేదు. మెమరీ ముక్కలు పీకి పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టాడు. తీగలు మార్చాడు. కార్డు తీసి, ఊది, పెట్టాడు. ఫోన్లో, తనలాగే డబ్బాలు కట్టుకునేవాళ్లు మాట్లాడుకునే చోట అడిగాడు. పుర్రెకో బుద్ధి అన్నట్టు ఒకడు కార్డు మార్చమన్నాడు, ఒకడు మొత్తం చెరిపి మొదటినుంచి ఎక్కించమన్నాడు, ఇంకొకడు ఇదే బోర్డు నా దగ్గరా ఉండేది, పారేశానన్నాడు.

“అమ్మా, దీన్ని నువ్వేమైనా ముట్టుకున్నావా?”

“నా మోకాళ్లే నేను లేపుకోలేకపోతున్నా, నీ పెట్టెనెక్కడ పడగొడతానురా?”

ఆమె సినిమా అంతా ఆ డబ్బాలో ఉంది. ఇంకో డిస్కులో నకలు ఉన్నా, దాన్ని తెరిచే యంత్రం ఊళ్లో ఆమెకు అందుబాటులో ఇదొక్కటే. పాత స్టూడియోకు ఇవాళ సెలవు. సాయంత్రం హాల్లో అందరి సినిమాలూ వేసి, ఆమె వంతు రాగానే ఈ సినిమా అందలేదని చెబుతారు. ఆ దృశ్యం తలుచుకుని ఆయన చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు. చిన్న స్టూలు మీద అలాగే కూర్చుండిపోయాడు.

అంతలో టింగ్ మంది.

“వచ్చేసింది, దిగండి” అంది వాళ్లమ్మ.

దిగింది తోడల్లుడు. ఆయన భార్య అక్కగారి భర్త. రెడీమేడ్ సోఫాలు, మంచాలు అమ్మే కొట్టు అతనిది. రెడీమేడ్ కానిదేదీ అతనికి వస్తువుగా కనబడదు. అందరినీ తన కారులో హాలుకు తీసుకెళ్దామని ముందే వచ్చాడు.

“ఏం తమ్ముడూ, మళ్లీ ఆపరేషనా?” అన్నాడు, బల్లమీద పరిచిన భాగాలు చూసి. “అందుకే అంటాను, అట్టపెట్టెలోంచి తీసి ప్లగ్గు పెట్టుకునేది కొనుక్కోవాలని.”

“అన్నయ్యా, ఇవాళ మాత్రం వద్దు. ఏడ్చేస్తాను.”

తోడల్లుడు ఆ మొహం చూసి టార్చి పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఆయన మీట నొక్కి, డబ్బా లోపలి అమరికల పేజీ తెరిచాడు. అది మ్యాక్ ఓఎస్ లేవకముందే బోర్డు తనంతట తాను చూపించే పేజీ. కర్ర పట్టుకుని మెల్లగా వచ్చిన వాళ్లమ్మ కళ్లజోడు సర్దుకుని తెరలోకి తొంగి చూసింది.

“ఇదేంట్రా, దీని తారీకు ఇలా ఉంది? ఇప్పటికి నీకింకా పెళ్లే కాలేదు.”

ఆయన చూశాడు. మూల ఉన్న సంవత్సరం ఎప్పటిదో. నుదురు టప్పున కొట్టుకున్నాడు.

బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. డబ్బాకు కరెంటు లేనప్పుడు తారీకునూ, అమరికలనూ గుర్తుంచుకునేది అదే. ఆ బ్యాటరీ ఉండాల్సిన గుంట ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. పొద్దున్నుంచీ దాని చుట్టూ వేళ్లు తిప్పుతూనే ఉన్నాడు, ఖాళీని చూడలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

“అన్నయ్యా, మీ కారు తాళంచెవి ఇవ్వండి” అన్నాడు నీరసంగా.

పోయిన నెల తోడల్లుడి కారు రిమోటు ఈయనింటి ముందే చచ్చిపోయింది. కొట్టుకెళ్లి బ్యాటరీ కొందామన్నాడు పాపం ఆ పెద్దమనిషి. “దానికి కొట్టెందుకు?” అని ఈయన సవతి పక్కరేకు విప్పి, లోపలి బిళ్ల ఊడదీసి రిమోటులో పెట్టి, మీసం మెలేశాడు. రేపు కొత్తది వేద్దామనుకున్నాడు. ఆ రేపు రాలేదు. ఇన్వర్టరు పుణ్యమా అని డబ్బాకు గోడలోంచి కరెంటు ఆగకుండా అందుతున్నన్నాళ్లూ బ్యాటరీ లేని సంగతి ఎవరికీ తెలియలేదు. ఇవాళ ప్లగ్గు పీకిన క్షణంలో సవతికి అంతా మరుపున పడింది.

తోడల్లుడు చేతిలోని తాళంచెవిని తిప్పి చూశాడు. “అంటే ఇన్నాళ్లూ నేను మీ సవతి బుర్ర జేబులో వేసుకుని తిరిగానా?” అన్నాడు. వాళ్లమ్మ మంచం దాకా వెళ్లలేక అక్కడే గోడకు ఆనుకుని నవ్వింది.

బ్యాటరీ తిరిగొచ్చింది. కానీ పోయిన జ్ఞాపకం దానితోపాటు తిరిగి రాదు. అమరికలన్నీ మళ్లీ చేత్తో పెట్టాలి. ఇది మూయాలి, అది తెరవాలి, ఫలానాది ఆపాలి. ఆయనకు అన్నీ కంఠతా వచ్చుననే ధీమా. చకచకా పెట్టేసి మీట నొక్కాడు. అక్షరాలు జరజరా పాకి అదే చోట ఆగిపోయాయి. ఏదో ఒకటి మిగిలిపోయింది. అది ఏదన్నది ఆయనకు తెలియలేదు. అందరి బోర్డులకూ ఉండేవన్నీ పెట్టాడు. ఈ బోర్డుకు మాత్రమే ఉన్న పెంకితనం ఏదో ఉంది.

భార్య తిరిగొచ్చింది. చెప్పులు విడుస్తూనే, “తెర ఎంత పెద్దదో తెలుసా అండీ! అక్షరాలు ఇంతింత కనబడతాయి” అంటూ చేతులు చాపింది. చాపిన చేతులతోనే బల్లమీది భాగాలు చూసింది.

“నేనే చెడగొట్టాను” అన్నాడు ఆయన. సంజాయిషీ ఏమీ జోడించలేదు. దుమ్ము సంగతి, బ్యాటరీ సంగతి, ఇంకా ఏదో ఒకటి దొరకడం లేదన్న సంగతి వరసగా చెప్పాడు.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆయనకు. వచ్చి కుర్చీలో కూర్చుంది. తెరమీద ఆగిపోయిన ఆఖరి వరుసను దగ్గరగా చదివింది. వేలితో ఆ వరుసను తట్టింది.

“ఇది నాకు తెలుసు” అంది. “అప్పుడు కూడా ఇక్కడే కదా చాన్నాళ్లు ఆగిపోయింది.”

“నీకెలా తెలుసు?”

ఆమె అత్తగారి వైపు చూసింది. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఇక చెప్పెయ్యవే అమ్మాయ్” అంది.

“నా సినిమా దీనిమీదేనండీ” అంది భార్య. “అంటే మీమీద. మీరు దీన్ని కడుతున్నన్నాళ్లూ వెనక అలమారలో ఫోను పెట్టి తీశాను. కొన్నిసార్లు అత్తయ్య మీ భుజం మీదుగా పట్టుకునేవారు.”

ఆయన వెనక్కి తిరిగి అలమార వైపు చూశాడు. తోడల్లుడు తేరుకుని, “అయితే దారి ఆ సినిమాలోనే ఉంది కదా! చూస్తే సరి!” అన్నాడు.

“సినిమా ఇందులో ఉంది బావగారూ” అంది ఆమె. “ఫోన్లో చోటు చాలక అప్పుడే తుడిచేశాను.”

తాళంచెవిని పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసినట్టయింది. కానీ సినిమాను కత్తిరించినవాళ్లకు మళ్లీ చూడక్కర్లేదు. ఒక్కో ముక్కనూ ఎన్నిసార్లు ముందుకూ వెనక్కూ తిప్పారో వాళ్లకే తెలుసు. ఆమె కళ్లు మూసుకుంది.

“ఆ పేజీ తెరవండి. మీరు గళ్ల చొక్కా వేసుకున్నారు. ఎడమచేతిలో గ్లాసు. మూడో పేరు మీదికి వెళ్లారు, లోపలికి వెళ్లారు. తల గోక్కున్నారు. బయటికొచ్చేద్దామనుకున్నారు. అప్పుడు తుమ్మారు.”

“తుమ్మానా?”

“పెద్ద తుమ్ము. దాన్ని కత్తిరించబుద్ధి కాలేదు, ఉంచాను. ఆ తుమ్ములో వేలు కింది బాణం మీట మీద పడి, తెర బాగా కిందికి జారింది. ఇంకో పేరొచ్చింది, దాంట్లో ఇంకో పేజీ ఉంది. ‘ఇదేంటి, దీనికి తాళం వేసుంది’ అని గొణిగి, అది తీసేశారు. గ్లాసు కింద పెట్టారు. తర్వాత బొమ్మ వచ్చింది.”

ఇన్నాళ్లూ సవతిని తన తెలివే లొంగదీసిందని ఆయన నమ్మకం. పని చేసింది తుమ్మని తేలింది. మూడో పేరు, లోపలికి, బాగా కిందికి, మరో పేజీ. అక్కడ తాళం వేసే ఉంది. తీసేశాడు. మీట నొక్కాడు.

అక్షరాలు పాకాయి. ఆగే చోటికి వచ్చాయి, ఆగలేదు. తెర నల్లబడింది, వెలిగింది, బొమ్మ నవ్వుతున్నట్టు ప్రత్యక్షమైంది. నలుగురూ ఒక్కసారే అరిచారు. పక్కింటివాళ్లు మళ్లీ పరుగెత్తుకొచ్చారు.

“ఆవులింతకు అన్న ఉన్నాడు గానీ తుమ్ముకు తమ్ముడు లేడంటారు” అంది వాళ్లమ్మ. “నీ తుమ్ముకు మాత్రం పెళ్లాముందిరా.”

ఫైలు బయటికి వస్తున్నంతసేపూ ఆయన గది బయట నిలబడ్డాడు, చూడనన్న మాట ఇంకా చెల్లుతుంది కాబట్టి. తోడల్లుడి కారు రిమోటు ఇప్పుడు ఖాళీ కాబట్టి తలుపును మామూలుగా తాళంచెవి తిప్పి తెరుచుకుని అందరూ హాలు చేరారు.

హాలు నిండుగానే ఉంది. పిల్లులు, మనవలు, మేడమీది మొక్కలు, చేపలు పట్టే తాత అన్నీ అయ్యాక తెరమీద ‘నా సవతి’ అని పడింది. జనం ఘొల్లున నవ్వారు. తర్వాత ఆయన వీపు వచ్చింది. సినిమా అంతా దాదాపు ఆ వీపే. తడిసిన చొక్కాతో వీపు, వంగిన వీపు, కోపంగా ఊగే వీపు, దాని పక్కన ఎవరిదో చెయ్యి పళ్లెం పెట్టి వెళ్లడం, పళ్లెం అలాగే ఉండిపోవడం, కాలి బొటనవేలికి వేలాడే చెప్పు. తుమ్ము వచ్చినప్పుడు హాలంతా ఎగిరిపడింది. ఆయన కూడా నవ్వాడు. ఆ మనిషి ఎవరో, ఎంత మొండివాడో అనిపించింది.

చివరికి ఆ ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. తెరమీద సవతి వెలిగింది. ఆ వీపు గబుక్కున లేచింది. ఆయన డబ్బా వైపు ఒక్క క్షణం కూడా చూడలేదు. మొదటిసారి కెమెరా వైపు తిరిగాడు. కెమెరాను కాదు, దాని వెనక ఉన్న గుమ్మాన్ని, వంటింటిని, ఇల్లంతా కళ్లతో వెతుకుతూ, “ఎక్కడున్నావ్? రా, త్వరగా రా! ఇక నీదే!” అని అరిచాడు. అక్కడితో తెర నల్లబడి, మధ్యలో ఆమె పేరు ఒక్కటే వచ్చింది.

ఆ నెలలన్నీ తను ఒక్కడే ఆ డబ్బాతో కూర్చున్నాననుకున్నాడు. ఆమె అలిగి దూరంగా ఉందనే అనుకున్నాడు. పిలిచినప్పుడు పరుగెత్తి రాలేదేమని ఆరోజు కొద్దిగా చిన్నబుచ్చుకున్నాడు కూడా. ఆమె ఆ ఫోను వెనకే, తలుపు చాటున నిలబడి చూస్తూ ఉంది. ఇంత ప్రేమ ఇంట్లో పెట్టుకుని గోడమీద కాగితాలు అంటించుకుంటూ తిరిగానా అని సిగ్గేసింది, ఆ సిగ్గు కూడా హాయిగానే ఉంది. చప్పట్లు మోగుతుంటే ఆమె తెరమీది తన పేరునే చూస్తోంది. కళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

తోడల్లుడు ఊరుకుంటాడా! వెనక వరసవాళ్ల వైపు తిరిగి, గర్వంగా, “ఆ వీపు మా తమ్ముడిదే. ఆ కంప్యూటరు మొత్తం వీడే కట్టాడు, తెలుసా? ఒక్కటి కూడా కొన్నది కాదు!” అని మొదలుపెట్టాడు. మామూలు రోజైతే ఆయన ఆ మాటను అందుకుని, బోర్డు ఎక్కడిదో, డబ్బా ఎవరిదో గంటసేపు చెప్పేవాడే.

“అన్నయ్యా, ఆ సంగతి వదిలెయ్యండి” అన్నాడు. భార్య చెయ్యి పట్టుకుని లేపి, జనం వైపు తిప్పాడు. “ఆ పేరు ఈవిడది.”